ఒలికిన రంగు, గీసిన గీత

అనంతపురము జిల్లా పడమటి అంచున, బళ్ళారి సీమకు చేరువగా కణేకల్ గ్రామము కలదు. ఆ ప్రాంతమున పాఱు వేదవతీ నదిని జనులు హగరి యని పిలుతురు. పేరునకు నదియే గాని, యేడాదిలో పెక్కు దినములు అందు కనిపించునది నీరు కాదు, ఇసుక. ఆషాఢమాసమున పడమటి గాలి విజృంభించినపుడు ఆ యిసుక లేచి, గట్లు దాటి, పొలములపై పడును. కణేకల్, బొమ్మనహాళ్ మండలములలో ఇట్లు ఇసుక మేటవేసిన భూములు దిబ్బలుగా మాఱి ఎడారిని తలపించుచున్నవి. రైతునకు అది తీరని కష్టము. అయినను తెల్లవాఱుజామున, మనుష్యుని అడుగు పడకముందు ఆ దిబ్బలను చూచినవాడు ఒక్క క్షణము నిలువక మానడు. గాలి వాటమునకు అడ్డముగా, ఒకదాని వెనుక నొకటిగా, సన్నని అలలు దువ్వెనతో దువ్వినట్లు తీరియుండును. ఏ చిత్రకారుడును ఆ అలలను గీయలేదు.

అదే వేళకు ఊరిలో ఇంటింటి ముంగిట మఱియొక చిత్రము సిద్ధమగుచుండును. పేడనీళ్ళు చల్లి, చుక్కలు పెట్టి, గృహిణి ముగ్గు వేయుచుండును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి పిండి జాఱును. జాఱునది పిండియే యైనను, ఎచట జాఱవలయునో, ఎంత సన్నముగా జాఱవలయునో నిర్ణయించునది చేయి. ఒక్క చుక్క తప్పినచో తీగ దారి తప్పి, ముగ్గంతయు చెడును.

గాలి తీర్చిన అలయు, చేయి తీర్చిన ముగ్గును, రెండును రేణువులు కదలుటవలన నేర్పడినవే. మొదటిదానిని ప్రకృతి శోభ యందురు. రెండవదానిని కళ యందురు. ఈ రెంటికిని నడుమ నిలిచి, ఏ పేరునకు తగునో తేలక వివాదమునకు గుఱియగుచున్న చిత్రరచనా పద్ధతి యొకటి ఇటీవలి కాలమున లోకమంతట వ్యాపించినది. దానిని అక్రిలిక్ పోత చిత్రమని చెప్పవచ్చును. చేతి ఫోను చేరిన ప్రతి పల్లెయందును పిల్లలు దానిని చూచియే యుందురు. కుంచె లేదు, గీత లేదు. పలుచని రంగులను గిన్నెలలో కలిపి, కాన్వాసుమీద పోసి, దానిని అటునిటు వంచుదురు. రంగులు ప్రవహించి, ఒకదానిలో నొకటి చొరబడి, చలువరాతి చారలవలెను, నెమలి కన్నులవలెను, సముద్రపు నురుగువలెను నిలిచిపోవును.

దీనిని చూచి పెదవి విఱుచువారు కొందఱు కలరు. పదియేండ్లు గురువు వద్ద గీతలు దిద్దినవాడును, పది నిమిషములలో గిన్నె బోర్లించినవాడును ఒక్కటే యనుట న్యాయమా యని వారు ప్రశ్నింతురు. మఱికొందఱు దీనినే పరమకళగా భావింతురు. రంగు తన స్వభావమును తాను చూపుచుండగా మనుష్యుడు అడ్డుపడనేల యని వారి వాదము. ఈ రెండు పక్షములవారును ఒకే పొరపాటు చేయుచున్నారు. పోత చిత్రములన్నియు ఒకే తీరువని తలచుటయే ఆ పొరపాటు. పోయుటలో పద్ధతులు పెక్కు కలవు. వానిలో కొన్నింట మనుష్యుడు నిర్ణయింపదగినది చాల కలదు. కొన్నింట దాదాపు ఏమియు లేదు. చిత్రము విలువను ఆ భేదమును బట్టి కొలువవలయును గాని, కుంచె పట్టెనా లేదా యనుదానిని బట్టి కాదు.

ముందుగా రంగు సంగతి తెలియవలయును. అక్రిలిక్ రంగనగా, నీటిలో తేలియాడు అతి సూక్ష్మమైన ప్లాస్టిక్ కణములతో రంగుపొడిని కలిపి చేసినది. నీరు ఆవిరియైపోగా ఆ కణములు ఒకదానితో నొకటి కరచుకొని పొరగా ఏర్పడును. ఒకసారి ఆరిన పిమ్మట మరల నీరు పోసినను అది కరగదు. నీటితో కలియు అక్రిలిక్ రంగులు 1950 తరువాతి దశకములో అమెరికా అంగళ్ళకు వచ్చినవి. పోతకు వాడునపుడు ఈ రంగును పలుచబఱుపక తప్పదు. తొందరపడి ఉత్త నీరే మితిమీఱ పోసినచో కణముల పట్టు సడలి, ఆరిన రంగు పొడిపొడిగా రాలును. అందుచే పోతకని ప్రత్యేకముగా చేసిన బంకద్రవమును కలుపుదురు. కలిపినదానిని పుల్లతో పైకెత్తినపుడు తేనెవలె తెగని ధారగా జాఱవలయును. జాఱిన ధార గిన్నెలోని రంగుపై ఒక్క క్షణము కనబడి, పిదప అందులో కలిసిపోవలయును. ఇంతకంటె చిక్కనిదైనచో కదలదు. ఇంతకంటె పలుచనిదైనచో అన్ని రంగులును కలిసి బురదయగును. అన్ని గిన్నెలలోని రంగులును ఒకే పలుచదనమున నుండవలయును. ఈ పాకము కుదురుటకు అరిసెల పాకము కుదురుటకు వలసినంత ఓపిక కావలెను. పోత సులభమని చెప్పువారు సాధారణముగా ఈ భాగమును చూడరు.

ఇక పద్ధతులు. అన్నింటిలో సాదాది మడుగు పోత. ఒక్కొక్క రంగును వేఱువేఱుగా కాన్వాసుమీద చిన్నచిన్న మడుగులుగా పోసి, ఒక మడుగు నడుమ మఱియొకటి పోయుచు, తరువాత పటమును వంచుదురు. ఏ రంగు ఎచట, ఎంత అనునది పోయువాని చేతిలో నుండును. నేర్చుకొనువానికి ఇది మంచి ఆరంభము. ఏ రంగు దేనితో కలిసినచో శోభించునో, దేనితో కలిసినచో మురికియగునో ఇందు స్పష్టముగా తెలియును. నీలముతో నారింజ, ఎఱుపుతో పచ్చ కలిసిన చోటులను చూచినవాడు ఆ పాఠమును మఱువడు; అచట మిగులునది మట్టిరంగే.

రెండవది గిన్నె బోర్లించు పోత. రంగులన్నింటిని ఒకే గిన్నెలో పొరలు పొరలుగా పోసి, గిన్నె మూతిపై కాన్వాసును ఉంచి, రెంటిని కలిపి తలక్రిందులు చేసి, గిన్నెను ఎత్తివేయుదురు. అడుగున నున్న రంగు మీదికి వచ్చి, అన్ని రంగులును ఒక్కుమ్మడిగా విచ్చుకొనును. చూచుటకు ఇది గారడీ వలె నుండును. ఫోనులలో ఎక్కువగా కనిపించునది ఇదియే. పొరలను ఏ వరుసను పోయవలయునో నిర్ణయించుట తప్ప ఇందు చేతికి పని తక్కువ. పదిమంది బోర్లించిన పది పటములను ప్రక్కప్రక్కన పెట్టినచో, ఎవరిది యేదియో వారి తల్లులకు గూడ తెలియదు. పండుగనాటి వినోదముగా దీనిని ఎవరైన చేయవచ్చును. దీనితో ఆగిపోవుట మాత్రము కూడదు.

మూడవది ఈడ్పు. రంగులను పట్టెలుగా పోసి, ఒక అంచున తెలుపునో నలుపునో పోసి, తడి కాగితముతో గాని వెడల్పు రేకుతో గాని ఆ అంచు రంగును మిగిలిన వానిమీదుగా ఒక్కసారి లాగుదురు. పైన పఱచుకొన్న పలుచని పొర అక్కడక్కడ చిట్లి, క్రింది రంగులు గుండ్రని కన్నులవలె తొంగిచూచును. ఇందు అంతయు చేతి బరువుపై ఆధారపడియున్నది. గట్టిగా అదిమినచో అన్నియు గీరుకొనిపోవును. మరీ తేలికగా పట్టినచో పొర పఱచుకొనదు. రెండవసారి లాగుటకు వీలు లేదు. మేస్త్రీ కరణితో సున్నపుపూతను నునుపు చేయుటను చూచినవారికి ఈ చేతిబరువు ఎట్టిదో తెలియును.

నాలుగవది ఊదుడు పోత. ఇంగ్లీషున దీనిని డచ్ పోర్ అందురు. పటమంతట తెలుపునో నలుపునో నేలగా పోసి, దానిపై కొంచెము మేర మాత్రము రంగులు పోసి, తల ఆరబెట్టు యంత్రముతో గాని, గొట్టముతో నోటితో గాని గాలి ఊదుదురు. రంగు ఱేకులు ఱేకులుగా విచ్చి, అంచులలో పొగవలె పలుచబడును. పోతలన్నింటిలో ఇది శ్రేష్ఠమని చెప్పుటకు సందేహింపనక్కఱలేదు. కారణము ఊదుట కాదు, ఖాళీ. పటములో ఎంత భాగమును ఏమియు లేకుండ విడువవలయునో ఇందు ముందుగనే ఆలోచింపవలయును. గాలి ఎటు వీచినచో రంగు ఎటు పోవునో ఊహింపవలయును. హగరి ఇసుకను తీర్చిన గాలికి ఎచట ఆగవలయునో తెలియదు, ఊదువానికి తెలియవలయును.

దారపు పోత పాఠశాలకు కొత్తది కాదు. సిరాలో తడిపిన దారమును మడిచిన కాగితముల నడుమ పెట్టి లాగి, పువ్వులు తీయుట తరతరములుగా పిల్లలు ఎఱిగిన ఆటయే. అదే దారమును రంగులో తడిపి పటముపై చుట్టగా పఱచి మెల్లగా లాగినచో ఈకవంటి రూపు వచ్చును. ఈ చిన్న విద్యయందును లాగు దిక్కు, వేగము, చుట్ట తీరు అనునవి లాగువాని వశమున నుండును.

ఇందు కన్నుల సంగతిని కొంత విస్తరింపవలయును. పోత చిత్రములలో అందఱిని ఆకర్షించునవి ఈ కన్నులే. ఇవి యాదృచ్ఛికములని చెప్పుదురు. యాదృచ్ఛికములు కావు. రంగుపొడులన్నియు ఒకే బరువువి కావు. తెలుపునకు వాడు టైటానియము పొడి నీటికి సుమారు నాలుగు రెట్లు బరువు. బొగ్గుజాతి నలుపు దానిలో సగమంత. కొన్ని నీలములు ఇంకను తేలిక. వానకాలమున చెఱువులోనికి వచ్చిన ఒండ్రునీరు తేటనీటికంటె బరువగుటచే అడుగునకు దిగుటను కణేకల్ చెఱువుగట్టున పెరిగిన పిల్లలకు వేఱుగా చెప్పనక్కఱలేదు. తెలుపు పైనను నలుపు క్రిందను పోసినపుడు బరువైన తెలుపు క్రిందికి దిగజూచును. తేలికయైన నలుపు పైకి రాజూచును. ఆ త్రోపులాటలో పొర చిట్లి కన్నులు ఏర్పడును. బరువైన ద్రవము తేలికయైన ద్రవముపై నిలువజాలకుండుటను శాస్త్రజ్ఞులు ర్యాలీ, టేలర్ అను ఇద్దఱు ఇంగ్లాండు విద్వాంసుల పేర పిలుతురు.

ఈ విషయము చిత్రకళకు తెలిసిన కథ ఆసక్తికరమైనది. మెక్సికో దేశపు కుడ్యచిత్రకారుడు డేవిడ్ అల్ఫారో సికేరోస్ 1936లో న్యూయార్కు నగరమున ఒక ప్రయోగశాలను నెలకొల్పెను. గోడలపై కార్మికుల పోరాటములను చిత్రించిన ఆ ఘనుడు, కార్లకు పూయు రంగులను తెచ్చి, ఒకదానిపై నొకటి పోసి, వాని పోకను గమనించెను. ఆ పద్ధతిని యాదృచ్ఛిక చిత్రణమని పిలిచెను. అప్పటికి పేరుప్రఖ్యాతులు లేని జాక్సన్ పోలాక్ అను యువకుడు ఆ శాలలో పాల్గొనెను. కొన్నియేండ్లకు నేలపై పఱచిన కాన్వాసుమీద రంగును చిలికించి లోకమును ఆశ్చర్యపఱచినవాడు అతడే. సికేరోస్ పోసిన రంగుల మర్మమును మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2015లో ప్రయోగపూర్వకముగా వివరించిరి. బరువైన రంగును పైన పోసినపుడు కన్నులు ఏర్పడినవి. తేలికయైన దానిని పైన పోసినపుడు పొరలు కదలక నిలిచినవి. అనగా కన్ను కావలెనన్నను వలదన్నను నిర్ణయించుట మనుష్యుని వశమే. తెలియనివానికి యాదృచ్ఛికముగా తోచినది తెలిసినవానికి సాధనమగును.

నేడు పలువురు ఈ శ్రమ పడక, రంగులలో రెండు చుక్కల సిలికోను నూనెను వేసి కలుపుచున్నారు. నూనె నీటితో కలియదు గనుక ఎచట చూచినను కన్నులే పుట్టును. పటమంతయు మశూచి సోకినట్లుండును. ఆరిన పిమ్మట ఆ నూనెజిడ్డు పైన నిలిచి, దానిని శుభ్రముగా తుడువనిదే వార్నిషు పట్టదు. బరువు తేలికలు తెలిసికొని రెండు కన్నులు పుట్టించిన పటమునకును, నూనె వేసి రెండువందలు పుట్టించిన పటమునకును గల తారతమ్యమును చూపఱులు తొందరగనే గ్రహింతురు.

పోసినంతమాత్రమున పని ముగియదు. పలుచని రంగు సమతలమైన బల్లపై కదలక గంటల తరబడి ఆరవలయును. అనంతపురము వేసవిలో ఇది చిన్న సమస్య కాదు. ఎండిన చెఱువు అడుగున నల్లమట్టి ఎట్లు బీటలు వాఱునో చూడుడు. పైమట్టి ముందుగా ఆరి ముడుచుకొనును. క్రిందిది తడిగనే యుండును. ఆ లాగులాటలో పైపొర చీలును. దళసరిగా పోసిన అక్రిలిక్ రంగును పొడిగాలిలో ఉంచినచో సరిగా అట్లే పగులును. ఎండలో పెట్టి త్వరగా ఆరబెట్టవలెనని పిల్లలు చేయు ప్రయత్నము పటమును చెఱువు అడుగువలె మార్చును. పలుచగా పోయుట, నీడలో ఉంచుట, పైన అట్టపెట్టెను బోర్లించి వేడిగాలియు ధూళియు తగులకుండ చేయుట, ఇవియే ఆ సీమకు తగిన ఉపాయములు.

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి రంగు ప్రవాహమును ఏలుట క్రొత్త విద్యయని తోచవచ్చును. తెలుగుసీమలో అది చాల పాతది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు పట్టునది కుంచె కాదు. వెదురుపుల్లకు ఉన్నినో గుడ్డనో చుట్టి, ఆ చుట్టను రంగుద్రవమున ముంచి, వ్రేళ్ళతో అదుముచు గీయుదురు. అదిమినకొలది రంగు దిగును. ఇనుపతుక్కును బెల్లపునీటిలో పులియబెట్టి తీసిన నల్లని ద్రవము బట్టమీద నీటివలె పరుగెత్తవలసినది. అట్లు పరుగెత్తకుండుటకు బట్టను ముందుగనే కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచి ఆరవేయుదురు. పాలలోని కొవ్వు రంగును ప్రాకనీయదు. కరక్కాయ ఆ ద్రవమును పట్టి నల్లబఱచును. చింతబరికెల బొగ్గుతో రూపును గుర్తు పెట్టికొని, ఆపైన కలమును నడపుదురు. గీత అంత నిలుకడగా నిలుచుటకు కారణము చేతి నేర్పు ఒక్కటే కాదు. గీయుటకు ముందు పాలగిన్నె వద్ద జరిగిన నిర్ణయము గూడను.

దీనికి పూర్తిగా ఎదురైన మార్గమును 1952లో హెలెన్ ఫ్రాంకెన్‌థాలర్ అను అమెరికా చిత్రకారిణి పట్టెను. అపుడామె వయస్సు ఇరువదిమూడేండ్లు. పూతపెట్టని పెద్ద కాన్వాసును నేలపై పఱచి, టర్పెంటైనుతో పలుచబఱచిన తైలవర్ణములను దానిపై పోసి, గుడ్డలోనికి ఇంకనిచ్చెను. కలంకారీవాడు ఇంకకుండుటకు పాలు పూసిన చోట, ఆమె ఇంకుటకై ఏమియు పూయక విడిచెను. ఇరువురును గుడ్డ గుణమును ఎఱిగినవారే. ఆమెయు పోతకు ముందు బొగ్గుతో కొన్ని గీతలు గీసికొన్నదనుట గమనింపదగినది. మరుసటి యేడు ఆ చిత్రమును చూచిన మోరిస్ లూయిస్, తరువాత అక్రిలిక్ రంగులనే ధారలుగా జాఱవిడిచి తెరలవంటి మహాపటములను రచించెను.

ఒలుకుటయు గీయుటయు ఒకే పటమున కలిసి పనిచేయుటకు ఉత్తమమైన నిదర్శనము విదేశములలో పుట్టినది కాదు, దక్కనులోనే పుట్టినది. పదునేడవ శతాబ్దపు తొలిభాగమున బిజాపురము చిత్రకారులు అబ్రీ యను విద్యను అభ్యసించిరి. అబ్రీ యనగా పారసీకమున మేఘమునకు సంబంధించినదని యర్థము. బంక కలిపి చిక్కబఱచిన నీటిపై రంగులను చుక్కలుగా తేలవిడిచి, సన్నని పుల్లతో కదిపి, వానిపై కాగితమును పఱచి తీయుదురు. నీటిమీది చారలు కాగితమునకు అంటుకొనును. బిజాపురము వారు ఇంతటితో ఆగలేదు. రంగు అంటరాని చోటులను ముందుగనే కప్పి, కావలసిన రూపునందు మాత్రమే చారలు పడునట్లు చేసిరి. సుమారు 1625 నాటి అట్టి చిత్రమొకటి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియములో నున్నది. ఎముకలు తేలిన బక్క గుఱ్ఱముపై ఒక సన్యాసి పోవుచుండును. గుఱ్ఱపు దేహమంతయు ఒలికిన రంగు చారలే. పుల్లతో కదిపిన ఆ చారలు ఎండిన చర్మమువలెను, ప్రక్కటెముకలవలెను భ్రాంతి గొలుపును. గుఱ్ఱపు ఆకారమును నిలిపినది మాత్రము సన్నని గీత. గీతను తీసివేసినచో అది రంగుకాగితము; చారలను తీసివేసినచో సామాన్యమైన గుఱ్ఱము. కఱవు ఎఱిగిన సీమలోని పిల్లలకు ఆ గుఱ్ఱము ఎంత నిజమో వివరింపనక్కఱలేదు.

కావున పాఠశాలలలో పోతను నేర్పుట తప్పు కాదు. చిత్రలేఖనపు గంటలో గీతను మాని దీనినే చేయించుట మాత్రము తప్పు. ముప్పదిమంది పిల్లలు ముప్పది పటములను బోర్లించి గోడకు వ్రేలాడదీసినచో గోడ రంగులమయమగును, తల్లిదండ్రులు సంతోషింతురు. పిల్లవాడు మాత్రము తన మేకను, తన ఇంటి చూరును, తన తాత ముఖమును గీయుటకు చేయి ఆడక నిలిచిపోవును. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద పదునాఱవ శతాబ్దమున సున్నపుపూతపై చిత్రములు రచించినవారు మొదట గీతను సాధించిరి. అందుచేతనే రంగు వెలసిన చోటులందును అక్కడి స్త్రీల చీరల అంచులు, కొప్పులు నేటికిని పోల్చుకొనదగియున్నవి. పోత చిత్రమున రంగు వెలసినచో మిగులునది ఏదియు లేదు.

ఖర్చు సంగతి గూడ ఆలోచింపవలయును. అక్రిలిక్ రంగు చౌక కాదు. వంచినపుడు అంచులనుండి కారిపోవు రంగు తక్కువ కాదు. నేర్చుకొనుటకు ఆ రంగే కావలెనను నియమమేమియు లేదు. చిక్కని గంజిలో కావిమన్ను, సుద్దపొడి, బొగ్గుపొడి వేఱువేఱుగా కలిపి, పాత గచ్చుపలకమీద పోసినచో ద్రవముల పోక, బరువు తేలికలు, వంపు ప్రభావము కొంతవఱకు తెలియును. ఆ చిత్రము నిలువదు. అభ్యాసమునకు నిలువవలసిన పని లేదు. చేయి కుదిరిన పిమ్మట మంచి రంగును కొలదిగా వాడవచ్చును. మడుగు పోతతో మొదలుపెట్టి, ఈడ్పును అభ్యసించి, తుదకు ఊదుడు పోతకు వచ్చుట మంచి క్రమము. ప్రతి పటమునకు ముందు, ఏ రంగు ఎటు పోవలెనని తాను కోరుచున్నాడో పిల్లవానిచే ఒక కాగితముపై పెన్సిలుతో గీయించుట అవసరము. పోసిన తరువాత ఆ కాగితమును ప్రక్కన పెట్టి చూచినచో, అతడు ఎంత నిర్ణయించెనో, ఎంత తానై జరిగెనో తేటపడును.

చివరకు గిన్నెలు కడుగుట యొకటి మిగిలియున్నది. అక్రిలిక్ రంగు ప్లాస్టిక్ గనుక, కడిగిన నీటిని కాలువలో పోసినచో ఆ సన్నని కణములు నీటితో పోయి ఎక్కడనో నిలుచును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రము పడు జిల్లాలో, తుంగభద్ర ఎగువకాలువ నీటికై ఎదురుచూచు చెఱువు క్రింద, ఇది తేలికగా తీసికొనవలసిన సంగతి కాదు. గిన్నెలోని రంగును ముందుగా పాతగుడ్డతో తుడిచివేసి, తరువాతనే కొలది నీటితో కడుగవలయును. ఆ నీటిని ఒక తొట్టెలో ఎండనిచ్చి, అడుగున మిగిలిన పెచ్చును చెత్తలో వేయవలయును. అంచులనుండి కారిన రంగును క్రింద పఱచిన ప్లాస్టిక్ గుడ్డపైననే ఆరనిచ్చినచో మఱునాటికి అది తోలువలె ఊడివచ్చును. దానిని కత్తెరతో ఆకులుగా, చేపలుగా, మేకలుగా కత్తిరించి అట్టపై అతికించుకొనవచ్చును.